చేను పచ్చగా ఉందని మురిసిపోకండి: ఒక సీనరీల మాస్టారి అపోహలు - వాస్తవాలు

"మాస్టారూ, బొమ్మ బాగుంది గానీ చేను ఇంకాస్త పచ్చగా వేసుంటే అదిరిపోయేది."

విశాఖలో ఎప్పుడు బొమ్మలు పెట్టినా ఈ మాట వినకుండా ఇంటికెళ్లింది లేదు. నేను వేసేవి పొలాలు. చోడవరం వైపు వరి, అనకాపల్లి చుట్టూ చెరకు, నక్కపల్లి తీరాన రొయ్యల చెరువులు. ఎరువులూ మందులూ గుమ్మరించి పండించే సేద్యం నేలనీ నీటినీ ఏం చేస్తోందో రంగుల్లో చూపిద్దామని నా తాపత్రయం. వచ్చినవాళ్లకేమో సోఫా మీద గోడకి పచ్చటి సీనరీ కావాలి. వాళ్లని అని ఏం లాభం? చిన్నప్పుడు రెండు కొండల మధ్య సూర్యుణ్ణి పెట్టించి, కింద అంతా పచ్చ రుద్దమన్నది మాబోటి డ్రాయింగ్ మాస్టర్లమే.

అపోహ: ఎంత ముదురు పచ్చ అయితే పైరుకి అంత బలం

వాస్తవం: నేను ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. జేబుకి చిల్లు పెడుతున్నది ఈ నమ్మకమే.

వరిలో నాకు కనపడేవి రెండు పచ్చలు. ఒకటి చిలకపచ్చ, కాస్త ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు పడితే గానీ రాదు. రెండోది నీలం దిగిన పచ్చ, సాప్ గ్రీన్‌లో అల్ట్రామెరిన్ నీలం కలపాలి. ఈ రెండోది చాలాసార్లు యూరియా రంగు. నత్రజని మోతాదు దాటితే ఆకు నల్లబడుతుంది, మొక్క ఏపుగా ఎదిగి మెత్తబడుతుంది. సుడిదోమకీ ఆకుముడతకీ అదే విందు. అగ్గితెగులు తొందరగా పాకుతుంది. గాలివాన వస్తే చేను పడిపోతుంది. యూరియాకి ఒకసారి, మందులకి ఇంకోసారి, పడిపోయిన చేను కోయించడానికి మరోసారి డబ్బు కట్టాలి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. నీళ్లు నిలబెట్టిన మడిలో పైరుకి అందేది మామూలుగా అందులో సగం కూడా ఉండదు. మిగిలింది గాలికీ కాలవకీ పోతుంది.

కాలవకి పోయింది ఏం చేస్తుందో నాకు కొండకర్ల ఆవ సరస్సులో అర్థమైంది. నీళ్ల మీద గుర్రపుడెక్క పరుపులా పరుచుకుని ఉంది. అబ్బ, ఏం పచ్చదనం అనుకుంటూ గీస్తున్నాను. తాటిదోనె నడిపే పెద్దాయన నా కాగితంలోకి తొంగి చూసి, "ఏటి బాబూ, మా దోనెని కదలనీకుండా చేసేదాన్నే అంత ముద్దుగా ఏస్తన్నారు?" అన్నాడు. నీళ్లలో నత్రజని, భాస్వరం పెరిగేకొద్దీ నాచూ డెక్కా ఎగబడి పెరుగుతాయి. అవి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపకి ఊపిరాడదు. నాకు సిగ్గేసి ఆ షీటు చుట్టేశాను.

ఆకు పసుపుబారిందని కంగారుపడి నాకు ఫొటోలు పంపే చుట్టాలున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. పెట్టుబడంతా మడిలో ఉంది మరి. కానీ పసుపంతా నత్రజని లోపం కాదు. జింకు లోపమైతే ఆకు మీద తుప్పు మచ్చలొస్తాయి, దానికి ఎన్ని బస్తాల యూరియా వేసినా దండగే. ఆకు రంగు పట్టిక అని ఒకటుంది, వ్యవసాయ శాఖ వాళ్లని అడగండి. ప్లాస్టిక్ పలక మీద లేత నుంచి ముదురు దాకా పచ్చ గళ్లుంటాయి. పది దుబ్బుల్లో పూర్తిగా విచ్చుకున్న పై ఆకుని తీసుకుని, నడిమి భాగాన్ని గళ్ల పక్కన పెట్టి చూడాలి. ఎండ పడకుండా మన నీడలో చూడాలి, ప్రతిసారీ అదే వేళకి, అదే మనిషి చూడాలి. పదిలో ఆరు ఆకులు మన రకానికి చెప్పిన గడి కంటే లేతగా ఉంటేనే యూరియా. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. రంగుని ఎండలో చూసి నిర్ణయించొద్దని నేను పిల్లలకి రోజూ మొత్తుకునేదే ఇది!

అపోహ: పచ్చ రంగు అంటే ప్రకృతి, పురుగుమందు అంటే విషం

వాస్తవం: 1814లో జర్మనీలో పుట్టిన ఎమరాల్డ్ గ్రీన్ రంగుని యూరప్ చిత్రకారులు తెగ వాడారు. అందులో ఉన్నది రాగి, ఆర్సెనిక్ అనే విషం. 1860ల చివర్లో అదే పొడిని అమెరికా రైతులు బంగాళాదుంప పురుగు మీద మందుగా చల్లారు. నా అక్రిలిక్ బ్రష్షులు కడిగిన నీళ్లు కూడా ప్లాస్టిక్ నీళ్లే, సింకులో పోయకుండా ఇప్పుడు బక్కెట్లో తేరబెడుతున్నాను.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారు

వాస్తవం: బొమ్మల దగ్గర కూడా ఈ వాట్సాప్ గోలేనా! ప్లాస్టిక్ అనుకునేవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపినవి. వండుకు తినండి.

అపోహ: ఇలాంటి బొమ్మలేసేవాళ్లు రైతుకి వ్యతిరేకులు

వాస్తవం: 1943 కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ బెంగాల్ ఊళ్లు తిరిగి ఆకలిని గీశాడు. అది తిండిలేనివాళ్ల మీద కోపంతో గీసిందా? మాదీ రైతు కుటుంబమే. ఓ భాద్రపదంలో మా చిన్నాన్న గట్టు మీద నేను కూర్చుని ఆయన చేను బొమ్మ వేస్తే, "ఇదిరా చేనంటే!" అని ఆయన మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, అల్ట్రామెరిన్ ట్యూబు సగం అయిపోయింది. కార్తీకంలో తుపాను వాన పడ్డాక మళ్లీ వెళ్తే చేనంతా నేలకి అంటుకుని ఉంది. చిన్నాన్న గట్టు మీదే కూర్చున్నాడు, ఏం మాట్లాడలేదు. అదీ వేశాను.

ఇప్పుడు రెండు బొమ్మల్నీ పక్కపక్కనే పెడుతున్నాను. పచ్చదాన్ని కొంటామనేవాళ్లు చాలామంది, విడిగా ఇవ్వనంటే వెళ్లిపోతారు. మొన్న ఒక పంచెకట్టు పెద్దాయన పచ్చ బొమ్మ ముందే చాలాసేపు నిలబడ్డాడు. రెండోదాన్ని ఇంకా చూడనే లేదు. నా వైపు తిరిగి అడిగాడు:

"ఎకరాకి ఎన్ని బస్తాలేసేడు బాబూ?"