ఒక దేశానికి ఇద్దరు దొరలు

చిట్టితల్లీ,

నువ్వూ తమ్ముడూ ఫోన్లో అడిగిన ప్రశ్న భలేగా ఉంది. ఓట్లతో గెలిచిన ఫ్రాన్స్ అధ్యక్షుడు అండోరా అనే ఇంకో దేశానికి రాజెలా అయ్యాడు, అదీ ఒక బిషప్‌తో కలిసి, అని కదా!

అండోరా ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్య పైరినీస్ కొండల్లో ఉంది. కథ మాత్రం ఫ్రాన్స్ వైపున్న ఫ్వా అనే ఊళ్లో మొదలైంది. అక్కడ పెద్ద బండ మీద కోట, దానికి మూడు బురుజులు, రెండు నలుచదరం, ఒకటి గుండ్రం. ఆ సీమని ఏలిన దొరలే ఫ్వా కౌంట్లు. పేరుకి ఫ్రాన్స్ రాజు కింద వాళ్ళే గానీ మాట వినే రకం కాదు. 1272లో రాజే సైన్యంతో వచ్చి మూడో రోజర్ బెర్నార్ అనే కౌంట్‌ని ఖైదు చేశాడు. బయటికొచ్చాక అయినా ఊరుకున్నాడా? అండోరా లోయల కోసం స్పెయిన్ వైపున్న ఉర్జెల్ అనే ఊరి బిషప్‌తో తగువు! చివరికి 1278లో రాజీ కుదిరింది. లోయలు ఇద్దరివీ, పన్ను ఒక ఏడు కౌంట్‌కి, మరుసటి ఏడు బిషప్‌కి.

మా ఊళ్లో ఉమ్మడి బావి ఇలాంటిదే. మూడు రోజులు మా నాన్న మోట తోలితే తర్వాత మూడు రోజులు పెదనాన్న. గట్టు తగాదాతో అన్నదమ్ములకి మాటల్లేవు, అయినా వంతు రోజు తెల్లారేసరికి మా ఎడ్లు పక్కకి తప్పుకునేవి, పెదనాన్న వాళ్ళ గిరక కిర్రుమనేది. మేం పిల్లలం మాత్రం ఎవరి వంతైనా దూకి ఈదేవాళ్ళం, తన్నులూ ఇద్దరి దగ్గరా తినేవాళ్ళం. పెద్దవాళ్ళు పోయారు, పొలాలు చేతులు మారాయి, కొన్నవాడికి పొలంతో పాటు వంతూ వచ్చింది.

ఫ్వా వాళ్ళ వంతూ అలాగే చేతులు మారింది. గాస్టన్ ఫేబ్యూస్ అని ఒక కౌంట్, గొప్ప వేటగాడు, వేట మీద పుస్తకమే రాశాడు. కోపంలో కన్నకొడుకు చావుకి కారణమయ్యాడు, 1391లో ఎలుగుబంటి వేట నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ కుప్పకూలి పోయాడు. అంత ఆస్తీ దాయాదులకి పోయింది. కోపం తగ్గించుకోమని తమ్ముడికి ఊరికే చెప్పట్లేదు నేను. ఆ వంశం వారసుల్లోనే హెన్రీ అనేవాడు 1589లో ఏకంగా ఫ్రాన్స్ రాజయ్యాడు, వంతూ ఆయన వెంటే వెళ్ళింది.

తర్వాత ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది. ఇవి పాతకాలం దొరల మామూళ్ళు, మాకొద్దన్నారు ఫ్రాన్స్ వాళ్ళు. అండోరా వాళ్ళే అర్జీ పెట్టుకుని 1806లో నెపోలియన్ చేత మళ్ళీ ఒప్పించారు! ఫ్రాన్స్‌లో రాజులు పోయి అధ్యక్షులొచ్చాక ఆ వంతూ వాళ్ళకే వచ్చింది. నాకైతే కారణం బావిలోనే కనిపిస్తుంది, ఒక్కడే మిగిలితే నీళ్ళన్నీ వాడివే కదా. 1993లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు కూడా ఇద్దర్నీ ఉంచుకున్నారు, కాకపోతే పన్ను పోయింది.

ఇప్పుడు నాన్న ఫోన్లో అండోరా జెండా తీసి, మధ్యలో బొమ్మని పెద్దది చేసి చూడండి. ఒక గడిలో బిషప్ టోపీ, కర్ర. పక్క గడిలో మూడు ఎర్ర నిలువు గీతలు, అవి మన ఫ్వా వాళ్ళవి. కింద మెడలో గంటలతో రెండు ఆవులున్నాయి. అవి ఫ్వా వాళ్ళు పెళ్ళి సంబంధంతో కలుపుకున్న ఇంకో సీమవి. దాని పేరేంటో వెతికి నాకు ఉత్తరం రాయండి, ఫోన్ కాదు.

తాతయ్య