చెయ్యి లేచింది, మరి ఆలోచన?

స్ట్రోక్ వచ్చి ఇంటికి చేరిన మనిషిని చూడ్డానికి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒక్కటే: "చెయ్యి లేస్తోందా? నడుస్తున్నారా?" విశాఖపట్నం కంచరపాలెంలో మా చిన్నాన్న విషయంలోనూ అంతే. రెండు నెలల్లో నడక వచ్చేసింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత ఒకరోజు రైతుబజారులో చిల్లర లెక్క తేలక ఆయన అలాగే నిలబడిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి వీధిలో ఏ చెట్టు ఎటు పడిందో మాత్రం ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెబుతారు. అది విని, జ్ఞాపకం బాగానే ఉంది కదా అనుకున్నాం. అక్కడే పొరబడ్డాం.

స్ట్రోక్ తర్వాత వచ్చే నష్టం చాలామందిలో మతిమరుపుగా మొదలవదు. పనిని వరసలో పెట్టుకోవడం, ఒకేసారి రెండు విషయాలు చూసుకోవడం, చకచకా లెక్క వేయడం ముందు దెబ్బతింటాయి. మెదడు లోతుల్లోకి వెళ్లే రక్తనాళాలు చాలా సన్నవి. మెయిన్ పైపు బాగున్నా వీధి చివరింటి కుళాయికి నీళ్లు అందనట్టు, ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఈ చివరి నాళాల గోడలు మందమై రక్తం సరిగా పారదు. మెదడు భాగాలను ఒకదానితో ఒకటి కలిపే తీగలు ఉండేది అక్కడే.

మొదటి స్ట్రోక్ తర్వాత సుమారు పదిమందిలో ఒకరికి కొద్దికాలంలోనే డిమెన్షియా, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా ఆలోచన, జ్ఞాపకం దెబ్బతినడం, వస్తుంది. మళ్లీ స్ట్రోక్ వస్తే అది ముగ్గురిలో ఒకరిని దాటుతుంది. అంటే ఆలోచనను కాపాడే మొదటి మందు బీపీ మాత్రే. స్ట్రోక్ గానీ, వచ్చి పోయే మినీ స్ట్రోక్ గానీ వచ్చిన 6,105 మందితో జరిగిన ప్రోగ్రెస్ అనే పరిశోధనలో, బీపీ మందులు వాడినవారిలో ఆలోచనాశక్తి క్షీణించే ముప్పు 19 శాతం తగ్గింది. రెండో స్ట్రోక్ ఆగడమే ఈ లాభానికి ముఖ్య కారణం. అయినా "బీపీ నార్మల్‌కి వచ్చింది, ఇంకెందుకు?" అని మాత్ర ఆపేసేవాళ్లను మా వీధిలోనే ఎంతమందిని చూశానో. నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే కదా! ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదంటారు. మన ఎండుచేపలు, ఆవకాయ పక్కన పెట్టుకుని ఆ లెక్క నిలబెట్టడం కష్టమే, కానీ తగ్గించాలి. పొగ మానాలి, షుగర్ చూసుకోవాలి. గుండె లయ తప్పుతుంటే డాక్టరు రాసిన రక్తం పలచబడే మందు తప్పకుండా వేసుకోవాలి. ఎప్పుడూ దిగులుగా ఉంటుంటే అది కూడా డాక్టరుకి చెప్పాలి, దానికీ వైద్యం ఉంది.

నాకు బాగా నచ్చిన సంగతి మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో తేలింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మందికే ఆలోచన మామూలుగా ఉంటే, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి ఉంది. జీవితమంతా ఒక భాషలోంచి మరో భాషలోకి మారుతూ ఉండటం మెదడుకి కసరత్తు లాంటిదని వారి అభిప్రాయం.

చిన్నాన్న పోర్టులో పనిచేసిన రోజుల్లో ఒడియా, హిందీ ధారాళంగా మాట్లాడేవారు. ఇప్పుడు పాత స్నేహితులతో కలిసి ఉదయం ఆర్కే బీచ్‌లో నడుస్తున్నారు, కబుర్లు సగం ఒడియాలోనే. ఇంటికొచ్చాక బీపీ చూసుకుని ఆ నంబరు నోటుబుక్కులో స్వయంగా రాసుకుంటారు. రాయడం మర్చిపోయిన రోజున మా పిన్ని తిట్టదు, పెన్ను తెచ్చి చేతికిస్తుంది.