పాత షెవర్లే పికప్‌లో వదలని మిస్‌ఫైర్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో 1996 నుంచి 1990ల చివరిదాకా తయారైన షెవర్లే, జీఎంసీ 1500 పికప్‌లలో చాలావాటికి 5.7 లీటర్ల వోర్టెక్ వీ8 ఇంజిన్ ఉంటుంది. గట్టి ఇంజిన్. అయితే దీనికి మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) పట్టుకుంటే, ప్లగ్గులు, వైర్లు, స్పార్క్‌కు అధిక వోల్టేజీ ఇచ్చే కాయిల్ అన్నీ మార్చినా పోవడం లేదంటూ బండిని తెచ్చేవారే ఎక్కువ. అలాంటి బండ్లలో భాగాలన్నీ కొత్తవే, కానీ అంతవరకు ఎవరూ ఒక్క కొలతైనా తీసి ఉండరు.

అపోహ: స్కానర్‌లో పీ0304 (నాలుగో సిలిండర్ మిస్‌ఫైర్ కోడ్) వస్తే నాలుగో సిలిండర్ ప్లగ్గో కాయిలో పోయినట్టే.

వాస్తవం: క్రాంక్‌షాఫ్ట్ వేగం ఎక్కడ తగ్గిందో చూసి, ఏ సిలిండర్ సరిగా మండలేదో కంప్యూటర్ చెబుతుంది. ఎందుకు మండలేదో చెప్పదు. పైగా ఈ ఇంజిన్‌లో ఎనిమిది సిలిండర్లకూ ఒకటే కాయిల్ కాబట్టి, అది పాడైతే ఒక్క సిలిండర్‌తో ఆగదు. ప్లగ్గును, వైరును మరో సిలిండర్‌కు మార్చి నడిపి చూడాలి. మిస్‌ఫైర్ వాటి వెంట వెళ్తే లోపం వాటిదే.

అపోహ: డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను సిలిండర్లకు వరుసగా పంచే భాగం) క్యాప్, వైర్లు కొత్తవి వేశాక ఇక స్పార్క్ వైపు చూడనక్కర్లేదు.

వాస్తవం: నా దృష్టిలో ఈ ఇంజిన్ విషయంలో అన్నిటికన్నా నష్టం చేసే నమ్మకం ఇదే. దీని డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చదునుగా ఉంటుంది. మధ్య నుంచి పక్క టెర్మినళ్లకు వెళ్లే లోహపు పట్టీలు క్యాప్ లోపల ఒకదానికొకటి దగ్గరగా నడుస్తాయి. డిస్ట్రిబ్యూటర్ అడుగున గాలి ఆడేందుకు పెట్టిన చిన్న జాలీలు మూసుకుపోతే తేమ, ఓజోన్ లోపలే నిలిచి, కొత్త క్యాప్ కూడా త్వరలోనే చిలుము పడుతుంది. విప్పినప్పుడు టెర్మినళ్ల మీద తెల్లటి పొడి, వాటి మధ్య వెంట్రుకంత సన్నని నల్లగీత కనిపిస్తే స్పార్క్ దారి తప్పుతున్నట్టే.

వైర్లు వేసిన తీరు కూడా చూడాలి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-8-4-3-6-5-7-2. అంటే పక్కపక్కనే ఉన్న 5, 7 సిలిండర్లు ఒకదాని వెంటనే ఒకటి మండుతాయి. ఆ రెండు వైర్లను కలిపి కట్టేస్తే, 5 వెలిగిన క్షణంలోనే, ఇంకా కంప్రెషన్ (గాలిని, పెట్రోలును పిస్టన్ నొక్కే దశ) మొదట్లోనే ఉన్న 7లో కూడా స్పార్క్ పుట్టవచ్చు. వైర్లు కొత్తవైనా ఈ దోషం పోదు. వాటిని క్లిప్పులతో ఎడంగా పెట్టాలి.

అపోహ: డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పితే టైమింగ్ కుదురుతుంది.

వాస్తవం: ఇందులో స్పార్క్ టైమింగ్‌ను నిర్ణయించేది కంప్యూటర్. తిప్పితే మారేది క్యామ్ రిటార్డ్ (క్రాంక్‌షాఫ్ట్‌తో పోలిస్తే క్యామ్‌షాఫ్ట్ ఎంత తేడాలో ఉందో స్కానర్ చూపే కోణం) మాత్రమే. అది కుదరకపోతే క్యాప్ లోపల తిరిగే రోటర్ తప్పుడు టెర్మినల్‌కు దగ్గరై క్రాస్‌ఫైర్ (స్పార్క్ వేరే సిలిండర్‌కు వెళ్లడం) వస్తుంది. స్కానర్‌లో చూస్తూ, 1000 ఆర్‌పీఎం పైన, సున్నాకు అటూ ఇటూ 2 డిగ్రీలలోపు ఉండేలా బిగించాలి.

అపోహ: పంపు శబ్దం వినిపిస్తోంది కాబట్టి పెట్రోలు సరిగానే అందుతోంది.

వాస్తవం: ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే ప్రెషర్ 60 నుంచి 66 పీఎస్‌ఐ ఉండాలి. అంతకన్నా తగ్గితే, ఇంటేక్ మానిఫోల్డ్ లోపలి స్పైడర్ ఇంజెక్టర్ (సన్నని గొట్టాలతో అన్ని సిలిండర్లకూ పెట్రోలు పంపేది) కొసన ఉండే పాపెట్ నాజిళ్లు (ప్రెషర్‌కు తెరుచుకునే చిన్న కవాటాలు) సరిగా తెరుచుకోవు. ఒక నాజిల్ బిగుసుకుపోయినా ఆ ఒక్క సిలిండరే మిస్సవుతుంది. బయటి నుంచి కనిపించదు గనుక నింద ప్లగ్గు మీద పడుతుంది. ఇంకో మాట: స్పార్క్ లేక మండని సిలిండర్ నుంచి ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది కాబట్టి, ఆక్సిజన్ సెన్సర్ దాన్ని పెట్రోలు తక్కువని చదువుతుంది. ఆ లీన్ రీడింగ్ చూసి ఇంజెక్టర్లు మార్చేయకూడదు.

స్పార్క్, పెట్రోలు రెండూ బాగుంటే ఒక్కో సిలిండర్‌లో కంప్రెషన్ ఒత్తిడి కొలవాలి. అతి తక్కువ రీడింగ్ అతి ఎక్కువదానిలో 70 శాతానికి, 100 పీఎస్‌ఐకి తగ్గకూడదు. కూలెంట్ తరిగిపోతూ, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే మిస్సవుతుంటే ఇంటేక్ గ్యాస్కెట్‌ను, హెడ్ గ్యాస్కెట్‌ను పరీక్షించాలి.

అపోహ: చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతున్నా బండి నడుస్తోంది కదా, తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: స్థిరంగా వెలిగే లైటు వేరు, ఆరుతూ వెలిగేది వేరు. రెండోది వస్తే మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తోందని అర్థం. అప్పుడు వెంటనే వేగం తగ్గించి, బండిని ఆపి, టో చేయించడమే మంచిది.