పెళ్లయినవారికి పని లేదన్న లెక్క ఎక్కడ మొదలైంది?

నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. వాటిలోని వేతన స్మృతి 1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలోకి వచ్చింది. దాంతో చెన్నై శివార్లలోని శ్రీపెరుంబుదూరులో, యాపిల్‌కు ఫోన్లు తయారుచేసిపెట్టే తైవాన్ సంస్థ ఫాక్స్‌కాన్ నడిపే ఐఫోన్ ఫ్యాక్టరీ చుట్టూ రేగిన ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. పెళ్లయిందన్న కారణంతో ఒక మహిళకు ఉద్యోగం నిరాకరిస్తే చట్టం దాన్ని వివక్షగా చూస్తుందా? అదే ఫాక్స్‌కాన్ 2015లో తడ దగ్గరి శ్రీసిటీలోనూ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. చెన్నై తెలుగువారికే గాక సూళ్లూరుపేట, సత్యవేడు కుటుంబాలకూ ఇది సొంత విషయమే.

2024 జూన్‌లో రాయిటర్స్ ప్రచురించిన కథనం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటి బాధ్యతలు, గర్భం, సెలవులు అంటూ పెళ్లయిన మహిళలను ఐఫోన్ లైన్లలోకి రానివ్వడం లేదన్నది దాని సారాంశం. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు నుంచి నివేదిక కోరింది. కొత్తగా చేరినవారిలో 25 శాతం పెళ్లయిన మహిళలేనని, మొత్తం సిబ్బందిలో మహిళలు 70 శాతమని సంస్థ వైపు నుంచి జవాబు వచ్చింది.

అయితే ఈ వ్యవహారం అర్థం కావాలంటే అంతకు రెండున్నరేళ్ల ముందు, చెన్నై శివారు పూందమల్లి దగ్గర ఈ ఫ్యాక్టరీ కార్మికుల హాస్టల్లో జరిగినది చూడాలి.

2021 డిసెంబర్‌లో అక్కడి భోజనం వికటించి 250 మందికి పైగా మహిళలు అస్వస్థులయ్యారు. 159 మంది ఆసుపత్రిలో చేరారు. కొందరు చనిపోయారన్న వదంతి మిగతా హాస్టళ్లకూ పాకింది. తోటివారు ఎలా ఉన్నారో తెలియని ఆందోళనలో 17వ తేదీ రాత్రి మహిళా కార్మికులు చెన్నై-బెంగళూరు జాతీయ రహదారి మీద బైఠాయించారు. పోలీసులు పదుల సంఖ్యలో వారిని అదుపులోకి తీసుకున్నారు. గదుల్లో కిక్కిరిసి నేల మీద పడుకునేవారమని, కొన్నిచోట్ల మరుగుదొడ్లకు నీళ్లు కూడా వచ్చేవి కావని ఆ కార్మికులు విలేఖరులకు చెప్పారు. వారి జీతం నెలకు పది వేల రూపాయల చిల్లర. చివరికి యాపిల్ సంస్థే కొన్ని వసతి గృహాలు, భోజనశాలలు తన ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఒప్పుకుని ఫ్యాక్టరీని పరిశీలనలో పెట్టింది. సుమారు 17,000 మంది పనిచేసే ఆ కర్మాగారం డిసెంబర్ 18న మూతపడి, 2022 జనవరి 12న గానీ తెరుచుకోలేదు.

పెళ్లయినవారు సెలవులు ఎక్కువ పెడతారన్న వాదనను ఫ్యాక్టరీ మూతపడిన ఈ మూడున్నర వారాల పక్కన పెట్టి చూడాలి. ఎక్కువగా పెళ్లికాని యువతులతో నడిచిన ఫ్యాక్టరీ అది. అది ఆగింది వారి సెలవుల వల్ల కాదు. ఆగిన ఉత్పత్తికి కారణం వారిని ఉంచిన తీరు. మహిళలను తీసుకోవడం ఒకటి, వారికి మనుషులుగా చోటివ్వడం మరొకటి. మొదటిది మాత్రమే చేసి వార్షిక నివేదికల్లో శాతాలు చూపించే సంస్థలు ఈ నష్టాన్ని ఏ పద్దులో రాస్తాయో నాకు తెలుసుకోవాలని ఉంది.

అసలు హాస్టల్ ఇంత ముఖ్యం ఎందుకైంది? ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ఒకప్పుడు మహిళలను ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే పనిచేయనిచ్చేది. ఆ నిషేధాన్ని 2000 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. రవాణా, భద్రత వంటి ఏర్పాట్లు ఉండాలని షరతులు పెట్టింది. మంచి తీర్పు, అవసరమైన తీర్పు. 2006లో శ్రీపెరుంబుదూరులో నోకియా ఉత్పత్తి మొదలయ్యేనాటికి రాత్రి షిఫ్టులకు దారి తెరిచే ఉంది. కానీ దూర జిల్లాల నుంచి వచ్చే యువతుల భద్రతకు పరిశ్రమలు పట్టుకున్న సులువైన మార్గం హాస్టలూ బస్సూ. భర్త, పిల్లలు ఉన్నామె హాస్టల్ మంచంలో ఇమడదు. వసతి కోసం పెట్టుకున్న ఏర్పాటే క్రమంగా ఉద్యోగార్హత అయి కూర్చుందని నా అభిప్రాయం.

ప్రసూతి ఖర్చు భారమన్న మాట కూడా ఇక్కడ నిలవదు. 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలు. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్నవారు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. వారికి ప్రసూతి భత్యం చెల్లించేది ఈఎస్ఐ సంస్థ. యజమాని ఇచ్చేది ఎలాగూ అందరికీ కట్టే నెలవారీ చందా. మెట్టెలు, మంగళసూత్రం వంటి లోహపు నగలతో ఇబ్బంది అన్న వాదన మరీ బలహీనం. ఆ నిబంధన పెళ్లితో, మతంతో సంబంధం లేకుండా అందరికీ వర్తిస్తుందని సంస్థ వైపు నుంచే చెప్పారు.

2024 ఆగస్టులో శ్రీపెరుంబుదూరు దగ్గరి వల్లం-వడగాల్‌లో 18,720 మందికి సరిపడే మహిళా హాస్టల్‌ను ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. పూందమల్లి అనుభవం తర్వాత అది పెద్ద మెరుగుదలే. అయినా అది కూడా మంచాల లెక్కన కట్టినదే. అదే ఏడాది చివర్లో, ఉద్యోగ ప్రకటనల్లో వయసు, లింగం, పెళ్లి ప్రస్తావనలు తీసేయమని నియామక ఏజెన్సీలకు ఫాక్స్‌కాన్ సూచించినట్లు రాయిటర్స్ రాసింది.

ఇక చట్టం సంగతి. వేతన స్మృతి మూడో సెక్షన్ నియామకాల్లో లింగ వివక్షను నిషేధించింది. అందులో పెళ్లి ప్రస్తావన లేదు. 70 శాతం మహిళలే ఉన్నప్పుడు వివక్ష ఎక్కడిదని యాజమాన్యాలు వాదించడానికి ఆ ఖాళీ చాలు. 1981లో ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో సుప్రీంకోర్టు, తొలి గర్భంతోనే ఉద్యోగం తీసేసే నిబంధనను కొట్టివేసింది గానీ, మొదటి నాలుగేళ్లలో పెళ్లి చేసుకోరాదన్న షరతును నిలబెట్టింది. కార్మికుల పక్షానికి ఇప్పుడు బలమైన ఆధారం 2024 ఫిబ్రవరి నాటిది. పెళ్లి చేసుకుందని సైనిక నర్సింగ్ అధికారిణిని తొలగించడం లింగ వివక్షేనని, ఆమెకు 60 లక్షల రూపాయలు చెల్లించాలని అదే న్యాయస్థానం చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం కేంద్ర ప్రభుత్వం. ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ మాట చెల్లేలా చేయాల్సింది కార్మిక శాఖ తనిఖీ అధికారులే.