వెనక బండి తోక ఊపితే

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు కిందటి ఎండాకాలం ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అది. ముందు పికప్ ట్రక్కు, దాని హుక్కుకు తగిలించిన ఇల్లు. మొదటి ప్రయాణం నాడే ఫోన్ చేశాడు.

"మామా, స్పీడు 60 మైళ్ల దాకా బుద్ధిగానే వస్తుంది. 70 దాటంగనే తోక ఊపుతుంది. స్టీరింగ్ సర్దితే ఇంకా ఎక్కువైతుంది. ఫుల్ టెన్షన్."

"సామాన్లు ఎక్కడ పెట్టినవ్?" అని అడిగాను.

"వెనక. సైకిళ్లు, నీళ్ల క్యాన్లు, జనరేటర్, అన్నీ వెనకనే."

ఈ ప్రశ్న నేను ఫిజిక్స్ పుస్తకంలో నేర్చుకోలేదు. నల్లగొండ–మిర్యాలగూడ రోడ్డు పక్కన ఉన్న మా ఊళ్లో మా తాత ఎడ్లబండికి వడ్ల బస్తాలు ఎక్కిస్తుంటే చూసి నేర్చుకున్నాను. మొదటి బస్తాలు ఇరుసుకు కొంచెం ముందు పడాలి. బరువంతా వెనక్కి పోతే కాడి పైకి లేచి, మెడకు కట్టిన తాడు ఎడ్ల గొంతు నొక్కుతుంది. మరీ ముందుకు పడితే మెడలు కమిలిపోతాయి. ఎక్కించడం అయ్యాక తాత కాడిని ఒక చేత్తో ఎత్తి చూసేవాడు. బరువుగా ఉండాలి, కానీ లేవాలి. అదీ ఆయన తూకం.

ట్రైలర్లకు అమెరికాలో చెప్పే లెక్క కూడా ఇదే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలంటారు. 3,000 కిలోల ట్రైలరైతే 300 నుంచి 450 కిలోలు. యూరప్‌లో ట్రైలర్లు తేలిక, లాగే కార్లు చిన్నవి కాబట్టి అక్కడ ఇంతకంటే తక్కువే పెడతారు. ఎక్కడైనా సరే, బరువు ఇరుసు వెనక్కి పోయిందంటే తోక ఊపడం మొదలైనట్టే.

మరి 60 మైళ్ల దగ్గర లేని ఊపు 70 దాటితే ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

టైరు ముందుకు చూస్తూ నేరుగా దొర్లుతున్నంతసేపు పక్కకు ఏ బలమూ పుట్టించదు. అది చూసే దిక్కుకూ నిజంగా పోయే దిక్కుకూ మధ్య కొంచెం కోణం వస్తేనే, రోడ్డు దాన్ని పక్కకు నెడుతుంది. ట్రైలర్ తోక కుడికి ఊగిందనుకోండి. ఆ టైర్లు ముందుకు పోతూనే కొంచెం కుడికి కూడా పోతున్నాయి. రోడ్డు వాటిని ఎడమకు నెట్టి, ఊపును చంపుతుంది. ఎంత గట్టిగా నెడుతుందన్నది ఆ కోణాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు లెక్క. తోక పక్కకు సెకనుకు అర మీటరు వేగంతో ఊగుతోంది. బండి గంటకు 54 కిలోమీటర్ల మీద, అంటే సెకనుకు 15 మీటర్లు పోతుంటే ఆ కోణం దాదాపు 2 డిగ్రీలు. అదే ఊపు గంటకు 108 కిలోమీటర్ల మీద వస్తే కోణం ఒక్క డిగ్రీయే. వేగం రెట్టింపైతే ఊపును చంపే బలం సగానికి పడిపోయిందన్నమాట. ఊగే బరువు మాత్రం అంతే ఉంది. వేగం ఇంకా పెంచుకుంటూ పోతే ఒకచోట ఆ ఊపు తగ్గడమూ ఉండదు, పెరగడమూ ఉండదు. ఆ గీత దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. ఉయ్యాలను ఎవరో వెనక నిలబడి తోస్తున్నట్టే. ఆ తోసే బలం ఇంజన్ నుంచే వస్తుంది, మనం పోసిన డీజిల్ నుంచే.

ఈ గీత ఫలానా వేగం దగ్గర ఉంటుందని ఎవరూ చెప్పలేరు. ఒక్కో ట్రైలర్‌కు ఒక్కో చోట. హుక్కు నుంచి ఇరుసు దాకా ఉండే కమ్మి పొడవుగా ఉంటే గీత దూరం జరుగుతుంది. బరువులు రెండు కొసలకూ పెడితే దగ్గరికొస్తుంది. కావడి మోసేవాణ్ని చూడండి: రెండు కుండలూ కొసలకు వేలాడుతుంటే గిరుక్కున తిరగలేడు, తిరిగాక టక్కున ఆగనూ లేడు. అవే కుండలు చంకలో పెట్టుకుంటే ఆ బాధ లేదు. అందుకే బరువైన సామాను ఇరుసుకు దగ్గర్లో, కిందికి, రవ్వంత ముందుకు ఉండాలి. మా అల్లుడి జనరేటర్ వెనక బంపర్‌కు ఆనుకొని ఉంది.

స్టీరింగ్ సర్దితే ఎక్కువైతుందన్నాడు కదా, అది కూడా నిజమే. ట్రైలర్ ఒకసారి ఇటు నుంచి అటు ఊగి తిరిగి రావడానికి సుమారు ఒకటి రెండు సెకన్లు పడుతుంది. మన కన్ను చూసి, చెయ్యి తిప్పేలోపు ఆ ఊపు వెనక్కి తిరిగే ఉంటుంది. ఆపుదామని తిప్పిన తిప్పుడే ఇంకో తోపు అవుతుంది. ఊపు మొదలైతే స్టీరింగ్ నేరుగా గట్టిగా పట్టుకొని, యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యాలి. ట్రైలర్‌కు వేరే బ్రేకు మీట ఉంటే దాన్ని మాత్రమే మెల్లగా నొక్కాలి. అప్పుడు వెనకది ముందుదాన్ని పట్టి లాగి, రెండూ ఒక గీతకు వస్తాయి. ముందు బండి బ్రేకు గట్టిగా తొక్కితే వెనకది వచ్చి నెడుతుంది, ఇక రెండూ మడత పడతాయి. స్పీడు పెంచి "లాగి నిలబెడదాం" అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ సాహసం వద్దు.

అందుకే చాలా దేశాలు ట్రైలర్ లాగే బండికి వేరే స్పీడు పెట్టాయి. జర్మనీలో మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు. ప్రత్యేకంగా పరీక్ష చేసి అనుమతి ఇచ్చిన బండికి మోటార్‌వే మీద 100. కాలిఫోర్నియాలో 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు. బ్రిటన్‌లో మోటార్‌వే మీద 60 మైళ్లు, డివైడర్ లేని రోడ్డు మీద 50. అమెరికాలో ట్రైలర్ల కోసమే తయారుచేసే టైర్లు చాలాకాలం 65 మైళ్ల వేగానికే లెక్కగట్టినవి. మా అల్లుడు ఉండే టెక్సాస్‌లో 75 మైళ్ల బోర్డులు బాగానే కనిపిస్తాయి. బోర్డు రోడ్డుకు పెట్టింది, వాడి టైరుకు కాదు.

మన దగ్గర ఇలాంటి చక్రాల ఇళ్లు అరుదు. మనకు ట్రాలీ ఉంది. కోతల కాలంలో హాలియా నుంచి మిర్యాలగూడ మిల్లుల దాకా వడ్ల ట్రాలీలు బారులు తీరుతాయి. అక్కడ 25, 30 కిలోమీటర్ల మీద తోక ఊపే బాధ పెద్దగా లేదు. కానీ చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. వెనకున్న టన్నుల బరువును ట్రాక్టర్ ఒక్కటే ఆపాలి. యూరప్‌లో బ్రేకుల్లేని ట్రైలర్‌కు 750 కిలోలే హద్దు. ఆ లెక్కలో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది, కాబట్టి మన ట్రాలీ పది బస్తాలకు ముందే ఆ హద్దు దాటుతుంది. బరువు హుక్కు మీద మరీ ఎక్కువైతే, చెరువుకట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా లాభం లేదు. పత్తి ట్రాలీది ఇంకో కథ. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ, రెండు పక్కలా బోరెలు, అంటే పెద్ద సంచులు, ఉబ్బి ఉంటాయి. 65వ నంబర్ హైవే మీద బస్సు దాటుకుపోతే ఆ గాలికి ఒకసారి బయటికి తోసినట్టూ, వెంటనే లోపలికి పీల్చినట్టూ అవుతుంది.

ఆగే దూరం చూద్దాం. డ్రైవర్ చూసి బ్రేకు తొక్కడానికి సెకనున్నర, తర్వాత మంచి బ్రేకులు తడి రోడ్డు మీద పనిచేస్తాయనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల మీద ఆగడానికి దాదాపు 53 మీటర్లు, 80 మీద 83, 100 మీద 119 పడతాయి. ఇది ఒంటి బండి లెక్క. కారు 1,500 కిలోలు, వెనక బ్రేకుల్లేని 750 కిలోలు ఉంటే, కారు టైర్లు పట్టగలిగే పట్టు అంతే కాబట్టి బ్రేకు బలం మూడింట రెండు వంతులకు తగ్గినట్టు. 80 మీద ఆ 83 కాస్తా 107 అవుతుంది.

ఇక రోజుకు ఎంత దూరం? అమెరికా ట్రైలర్ వాళ్లకు "మూడు మూడ్లు" అనే ఒక వాడుక ఉంది. రోజుకు 300 మైళ్లు దాటొద్దు, మధ్యాహ్నం 3 లోపు దిగాలి, దిగినచోట 3 రాత్రులు ఉండాలి. 300 మైళ్లంటే 480 కిలోమీటర్లు: హైదరాబాద్ నుంచి విజయవాడ పోయి, తిరుగు దారిలో మళ్లీ చిట్యాల దాకా వచ్చినంత. నాకైతే అది ఎక్కువే. వాళ్ల రోడ్ల మీద బర్రెలు అడ్డం రావు, యూటర్న్ దగ్గర ఆటో ఎదురు రాదు. మన దగ్గర సగటున గంటకు 50 పడితే గొప్ప. ఐదు గంటలు నడిపితే 250. అక్కడ ఆపేయాలంటాను. 240 కిలోమీటర్లను 80 మీద కాక 100 మీద పోతే కాగితం మీద మిగిలేది 36 నిమిషాలు. దానికోసం బండిలో ఒకటిన్నర రెట్లు శక్తి మోసుకుపోతున్నాం. గాలి అడ్డు కూడా అంతే పెరిగి డీజిల్ తాగుతుంది.

దిగే వేళ మూడు అనడంలోనూ అర్థముంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు శరీరం తనంతట తనే నిద్రకు ఒరిగే వేళలు. మధ్యాహ్నం బిర్యానీ తిని, 43 డిగ్రీల ఎండలో నార్కట్‌పల్లి దాటి నల్లటి రోడ్డునే చూస్తూ పోయేవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎండలోనే టైరూ అలిసిపోతుంది. గాలి తక్కువున్న టైరు ప్రతి చుట్టులో ఎక్కువ వంగి, లోపల వేడెక్కుతుంది. గాలి చూడాల్సింది పొద్దున, బండి కదలకముందు. వేడెక్కాక చూస్తే గేజీ అబద్ధం చెబుతుంది.

మన వైపు రోజు దూరాన్ని గేటే తేల్చే చోటు ఒకటుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9కి చెక్‌పోస్టు మూస్తారు, పొద్దున 6కు తెరుస్తారు. అది అమ్రాబాద్ పులుల కోసం, డ్రైవర్ల కోసం కాదు. గేటు మూసేలోపు దూరాలని కల్వకుర్తి నుంచి తరుముకొచ్చి, ఎనిమిదీ ముప్పావుకు లోపలికి పోయేవాళ్లు ఎందరో. ఆ తర్వాతే అడవి, చీకటి, ఈగలపెంట దాటాక ఘాట్ దిగుడు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలంటారు ఆ దారి డ్రైవర్లు. దిగుడంతా బ్రేకు మీదే కాలు పెడితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. వెనక బరువున్న బండికి ఇంకా త్వరగా. మా అల్లుడు వచ్చే సంక్రాంతికి ఇక్కడ బండి అద్దెకు తీసుకుని శ్రీశైలం పోదామంటున్నాడు. పోదాం, కానీ మన్ననూరులో పడుకుని పొద్దున ఆరుకు బయలుదేరుదాం అన్నాను. జనరేటర్ ముందుకు జరిపాక వాడి తోక ఊపు 70 మైళ్లు దాటినా కనపడలేదట. 75 మీద చూశావా అని నేను అడగలేదు.