బర్గండీ పల్లెల్లో తిండి, వైన్ టూర్: అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌లోని బర్గండీలో చిన్న గుంపులకు టూర్లు నడపడం నా పని. ఒక వ్యాను, ఎనిమిది మంది అతిథులు, ఐదు రోజులు. దిజోన్‌లో రైలు దిగిన దగ్గర మొదలుపెట్టి, కొండవాలు వెంట దక్షిణంగా, బోన్ పట్టణం మీదుగా సాంతనే ఊరి దాకా వెళ్తాం. వచ్చేవాళ్ళలో హైదరాబాద్, విజయవాడల నుంచీ, అమెరికా నుంచీ వచ్చే తెలుగువాళ్ళు కూడా ఉంటారు. బయలుదేరే ముందు ఫోన్ చేసి అడిగే సందేహాలు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. వాటికి నేను చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: ఈ టూర్‌లో మీరు వెళ్ళేది ఒక రైతు ఇంటికి. అది గుర్తుంచుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: వైన్ టూర్ అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా తాగుడే. తాగనివాళ్ళకు అక్కడ పనేముంది?

రోజుకు రెండు ఇళ్ళకు మించి తీసుకెళ్ళను. ఒక్కో ఇంట్లో ఐదారు రకాలు పోస్తారు, ఒక్కొక్కటీ రెండు మూడు గుక్కలే. పీపా పక్కన ఉమ్మడానికి ఒక పాత్ర ఉంటుంది. వైన్ నోట్లో పోసుకుని, నాలుకంతా తగిలేలా తిప్పి, అందులో ఉమ్మేయడం ఇక్కడి పద్ధతి. తోట యజమాని కూడా అదే చేస్తాడు. ఒకరి ఇంటికి వెళ్ళి వాళ్ళ ఎదుటే ఉమ్మాలంటే మనకు ప్రాణం ఒప్పదు. అందుకే మొదటి రోజు చాలామంది మొహమాటపడి మింగేస్తారు, మధ్యాహ్నానికి కళ్ళు మూతలు పడతాయి. రెండో రోజు నుంచి ఉమ్ముతారు. రుచుల మధ్య తేడా తెలియడం కూడా అప్పుడే మొదలవుతుంది. నేనైతే మొదటి నుంచీ ఉమ్ముతాను, వ్యాను నడపాల్సింది నేనే కదా. ఫ్రాన్స్‌లో డ్రైవర్ రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ ఉంటే చాలు, శిక్ష పడుతుంది.

తాగనివాళ్ళ గురించి అడిగితే నాకు రాజమండ్రి నుంచి కొడుకు, కోడలితో వచ్చిన ఒక పెద్దావిడ గుర్తొస్తారు. ఐదు రోజుల్లో ఆవిడ చుక్క కూడా నోట్లో పోసుకోలేదు. కానీ ప్రతిసారీ గ్లాసు అందుకుని వాసన చూసేవారు. పొమార్ ఊళ్ళో ఒక నేలమాళిగలో పదేళ్ళ నాటి ఎర్ర వైన్ పోసినప్పుడు, "ఇందులో రేగొడియాల వాసన ఉంది బాబూ. వానకు తడిసిన ఎండుటాకుల వాసన కూడా వస్తోంది" అన్నారు. నేను ఆ మాట ఫ్రెంచిలో చెప్పాను. రేగుపండు అంటే ఏమిటో, దాన్ని దంచి ఎండబెట్టడం ఏమిటో చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ తోటాయన శ్రద్ధగా విని, తన నోటుబుక్‌లో రాసుకున్నాడు. వైన్‌లో మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ పాలు ముక్కుకు తెలిసేదే. వంటింట్లో వాసన పట్టి పోపు సరిగ్గా వేగిందో లేదో చెప్పే ఆడవాళ్ళ ముందు నేను చాలాసార్లు ఓడిపోయాను.

అపోహ: అవన్నీ కోటల్లాంటి భవనాలు, కోటీశ్వరుల తోటలు. మనలాంటి వాళ్ళకు అక్కడ ఇబ్బందిగా ఉంటుంది.

ఆ భవంతుల ఫొటోలు ఎక్కువగా ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతమైన బోర్డోవి. ఇక్కడ తలుపు తీసేది బురద బూట్లతో ఉన్న మనిషి. పొద్దున్నే తోటలో కొమ్మలు కత్తిరించి వచ్చి, చేతులు కడుక్కుని మీకు గ్లాసు అందిస్తాడు.

భూములు కూడా ముక్కలు ముక్కలుగా ఉంటాయి. క్లో ద వూజో అనే తోటను చూడండి. సీతో మఠం సన్యాసులు 12వ శతాబ్దంలో మొదలుపెట్టారు. చుట్టూ రాతిగోడ, లోపల సుమారు 125 ఎకరాలు. ఫ్రెంచి విప్లవం దాకా మొత్తం ఆ మఠానిదే. 19వ శతాబ్దం చివర ముక్కలుగా అమ్ముడై, ఆ తర్వాత వారసుల మధ్య ఇంకా చీలి, ఇవాళ సుమారు 80 మంది చేతుల్లో ఉంది. కొందరి వాటా కొన్ని సాళ్ళే. నెపోలియన్ కాలం నుంచి ఫ్రెంచి చట్టం ఆస్తిని పిల్లలందరికీ పంచమంటుంది. తెలుగు అతిథులకు దీన్ని వివరించాల్సిన అవసరమే రాదు. అన్నదమ్ముల పంపకాల్లో ఎకరాలు సెంట్లయిపోవడం అందరం చూసినవాళ్ళమే.

పొలాల పేర్లూ అంతే. మన ఊళ్ళలో చెరువు కింద మడి, మెరక చేను అన్నట్టే ఇక్కడ ప్రతి చెక్కకూ ఒక పేరుంది. దాన్ని 'క్లిమా' అంటారు. ఇలాంటి 1,247 క్లిమాలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మెర్సో ఊళ్ళో ఒక క్లిమా పేరు పెరియేర్. ఒకప్పుడు అక్కడ రాయి తవ్వేవారు, ఆ మాటకు అర్థం అదే. నాకు ఈ టూర్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు రెండు క్లిమాల మధ్య ఉండే మట్టి బాట. వ్యాను ఆపి అందరినీ దింపుతాను. బాటకు అటూ ఇటూ అదే ద్రాక్ష, అదే ఎండ. అయినా వాలు కాస్త మారుతుంది, నీళ్ళు దిగే తీరు మారుతుంది, కాలి కింద సున్నపురాయి పాలు మారుతుంది. సీసా ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. ఆ తేడా నిజంగా గ్లాసులో ఉందో లేదో సాయంత్రం రెండూ పక్కపక్కన పోసి చూపిస్తాను.

అపోహ: సీసా మీద స్థాయిగా రాసే 'ప్రీమియర్ క్రూ' అంటే మొదటి రకం కాబట్టి అదే అన్నిటికన్నా గొప్పది.

దానిపైన గ్రాన్ క్రూ ఉంది. ఇక్కడి వైన్ స్థాయిలు కింద నుంచి చెప్పాలంటే ప్రాంతం పేరుతో వచ్చేది, ఊరి పేరుతో వచ్చేది, ప్రీమియర్ క్రూ, గ్రాన్ క్రూ. ఇక్కడ గ్రాన్ క్రూలు 33 ఉన్నాయి. మొత్తం ఉత్పత్తిలో అవి నూటికి ఒకటి రెండు వంతులే. సీసా మీద ద్రాక్ష రకం పేరు సాధారణంగా రాయరు. కొద్ది మినహాయింపులు తప్ప, ఎరుపైతే పినో న్వార్, తెలుపైతే షార్డొనే. ఇంకో మాట, వైన్ ఎంత పాతదైతే అంత మంచిదనేది కూడా నిజం కాదు. ఎక్కువ సీసాలు కొన్నేళ్ళలోపు తాగేయాల్సినవే.

అపోహ: చిన్న గుంపు అనేది రేటు పెంచడానికి చెప్పే మాట.

ఎనిమిది అనే లెక్క నేను పెట్టుకున్నది కాదు. ఇక్కడ మామూలు కారు లైసెన్సుతో డ్రైవర్‌తో కలిపి 9 సీట్ల బండి వరకే నడపొచ్చు. అది దాటితే బస్సు కావాలి, ఆ బస్సు ఈ ఊళ్ళ సందుల్లో తిరగదు. పైగా నేలమాళిగలో 228 లీటర్ల పీపాల వరసల మధ్య పది మంది నిలబడితే తోటాయన మాట చివరివాళ్ళకు వినపడదు. నలభై మందికైతే ఆయన అసలు తలుపు తీయడు, ఎందుకంటే పొలం పనులన్నీ చేసుకునేది ఆయనా, ఆయన భార్యా మాత్రమే.

అపోహ: శాకాహారులకు అక్కడ బ్రెడ్డు తప్ప ఏమీ దొరకదు.

కనీసం రెండు వారాల ముందు చెబితే బాగా దొరుకుతుంది. ముందు చెప్పకపోతే నిజంగానే కష్టం, దాన్ని దాచను. శాకాహారి అంటే చేప తింటారనుకునే వంటవాళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నారు. సలాడ్‌లో సన్నటి పంది మాంసం ముక్కలు చల్లుతారు, సూప్‌కు మాంసం ఉడికించిన నీళ్ళు వాడతారు. అందుకే ఏవేవి తినరో ఒక్కొక్కటిగా ఫ్రెంచిలో రాసి హోటల్ వంటింటికి పంపుతాను. పుట్టగొడుగులు, పప్పుధాన్యాలు, పాలమీగడలో ఉడికిన బంగాళాదుంపలు, శనివారం బోన్ సంతలో కొన్న కూరగాయలతో వాళ్ళు చేసిపెట్టే భోజనం ఎంతో బాగుంటుంది.

రెండు విషయాలు మాత్రం నిష్ఠగా ఉండేవాళ్ళు తెలుసుకోవాలి. కోంతే లాంటి సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసే రెనెట్ వాడతారు. కొన్ని వైన్లను తేట పరచడానికి కోడిగుడ్డు తెల్లసొన గానీ, చేప నుంచి తీసిన జిగురు గానీ వాడతారు. ఎవరు వాడతారో, ఎవరు వాడరో తోటాయన్నే అడిగి చెబుతాను. ఆ ప్రశ్న అడిగితే వాళ్ళేమీ అనుకోరు.

అపోహ: దిజోన్ ఆవముద్దలోని ఆవాలు దిజోన్ పొలాల్లోనివే.

దిజోన్ అనేది తయారీ పద్ధతికి పేరు. గింజలు ఎక్కువగా కెనడా నుంచి వస్తాయి. 2021లో అక్కడ కరవొచ్చి పంట పోతే, 2022లో ఫ్రాన్స్ దుకాణాల్లో ఆవముద్ద అరలు ఖాళీ అయ్యాయి. స్థానిక గింజతో, ఇక్కడి తెల్ల వైన్‌తో చేసింది కావాలంటే సీసా మీద 'Moutarde de Bourgogne' (బర్గండీ ఆవముద్ద) అనే ముద్ర చూసి కొనాలి. మనవాళ్ళు దీన్ని నాలుక మీద పెట్టుకోగానే ముక్కుకు ఎక్కిన ఘాటు గుర్తుపడతారు. మన ఆవాల జాతి గింజే ఇక్కడా వాడేది. గింజ నలిగి తడి తగిలితేనే ఆ ఘాటు పుడుతుంది, వేడి ఎక్కువైతే పోతుంది. పనసపొట్టు కూర దించాక ఆవ పెట్టేది ఇందుకే. ఇక్కడి వంటవాళ్ళూ సాస్ దించాకే దీన్ని కలుపుతారు.

అపోహ: ద్రాక్ష కోతలప్పుడు వెళ్తేనే అసలు మజా.

కోతలప్పుడు రైతుకు మీతో మాట్లాడే తీరిక ఎక్కడిది? వరి కోతల రోజుల్లో చుట్టాలొస్తే మన ఇళ్ళలో ఎలా ఉంటుందో ఇక్కడా అంతే. పైగా కోత ఎప్పుడొస్తుందో ముందు చెప్పలేం. బోన్‌లో కోత తేదీల లెక్కలు 1354 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం 1988 నుంచి కోతలు అంతకుముందు శతాబ్దాల సగటు కన్నా సుమారు రెండు వారాలు ముందుకు జరిగాయి. ఒకప్పుడు సెప్టెంబర్ చివర జరిగే పని ఇప్పుడు కొన్నేళ్ళు ఆగస్టులోనే మొదలవుతోంది. తోటాయన దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారుతుంది. నేను మే, జూన్, అక్టోబర్ నెలలు చెబుతాను. నవంబర్ మూడో ఆదివారం బోన్‌లో 1443 నాటి ధర్మాసుపత్రి పేరున వైన్ వేలం జరుగుతుంది. అది చూడాలంటే హోటల్ గది చాలా ముందే తీసుకోవాలి. ఏ నెలలో వచ్చినా, మధ్యాహ్నం 12 నుంచి 2 లోపు భోజనానికి కూర్చోవాలి. ఆ తర్వాత పల్లెల్లో పొయ్యి ఆపేస్తారు.

అపోహ: రుచి చూశాక కొనకపోతే అవమానిస్తారు.

అవమానించరు. రుచి చూసినందుకు ఇవ్వాల్సింది టూర్ ధరలోనే ఉంటుంది. నచ్చితే ఒకటి రెండు సీసాలు కొనండి, ఆయనకు సంతోషంగా ఉంటుంది. భారత్‌కు తిరిగి వెళ్ళేవాళ్ళకు 2 లీటర్ల వరకే సుంకం ఉండదు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడోది లెక్క దాటుతుంది. విమానంలో చేతి సంచిలో పెట్టనివ్వరు కాబట్టి బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి. ఎప్పుడు తెరవాలో తోటాయన్నే అడగండి, చాలామంది లేబుల్ మీద పెన్నుతో సంవత్సరం రాసిస్తారు. అప్పటిదాకా దాన్ని వంటింటి వేడికి దూరంగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చీకటి మూలలో పడుకోబెట్టి ఉంచండి.