కొత్తవాడ జంపఖానా, సర్గాసో సముద్రం

సముద్రం కనుచూపు మేరలో లేని హనుమకొండలో మైక్రోబయాలజీ చదువుతున్న ఒక అమ్మాయి ప్రశ్న ఇది: మెడికల్ రీసెర్చ్‌లో ఉన్న మనిషి సముద్ర జీవుల జన్యువుల మీదికి ఎట్లా పోతాడు? చదువు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా?

అమెరికా శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ దారి చూస్తే అక్కర్లేదని తెలుస్తుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా నౌకాదళ వైద్య సహాయకుడు. తర్వాత ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థలో అడ్రినలిన్ రిసెప్టర్, అంటే ఆ హార్మోన్‌ను కణం అందుకునే ప్రొటీన్ మీద ఏళ్ల తరబడి పని. 1995లో పసిపిల్లలకు మెనింజైటిస్ తెచ్చే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా జన్యుక్రమం, 2001లో మనిషిది, 2003లో బెర్ముడా దగ్గర సర్గాసో సముద్రపు నీళ్లు. హీమోఫిలస్ నుంచి సముద్రం దాకా చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే, షాట్‌గన్ సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏను ముక్కలు చేసి చదివి, మళ్లీ అతికే పద్ధతి. ఇంటర్ బైపీసీలో డీఎన్‌ఏ నిచ్చెన బొమ్మ గీయించి మార్కులు వేస్తారు గానీ, ఆ నిచ్చెనను ఎట్లా చదువుతారో విడమరిచి చెప్పడం తక్కువ. ఇంత అందమైన సంగతి పిల్లలకు అందకుండా పోతున్నది.

వరంగల్ కొత్తవాడ మగ్గం మీద నేసిన జంపఖానా ఒకటి తీసుకోండి. డిజైన్ మొత్తం తెలియాలి, కానీ కంటికి ఒక్కసారి జానెడే కనిపిస్తుంది. సీక్వెన్సింగ్ యంత్రానిదీ అదే ఇబ్బంది. హీమోఫిలస్ క్రమం 18,30,137 అక్షరాలు, అంటే డీఎన్‌ఏ నిచ్చెన మెట్లు. అప్పటి యంత్రం ఒక్కసారికి చదివింది సగటున 460. ఒక్క జంపఖానానే ముక్కలు చేస్తే ఏ ముక్క పక్కన ఏది ఉండాలో తేలదు. అదే డిజైన్‌వి ఆరు తెచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో చోట అడ్డదిడ్డంగా కత్తిరించండి. ఒక ముక్క చివర ఉన్న గళ్లు ఇంకో ముక్క మొదట్లోనూ ఉంటాయి. ఆ పోలిక పట్టుకుని అతుకుతూ పోవాలి. వాళ్లు అతికినవి దాదాపు 24,300 ముక్కలు. దాన్ని 460తో గుణించి చూడండి, క్రమం పొడవుకు ఆరింతలు వస్తుంది. ఆరింతలు చదివినా లెక్క ప్రకారం 400 అక్షరాలకు ఒకటి ఏ ముక్కలోనూ పడదు. అంటే నాలుగున్నర వేల అక్షరాల మేర చిరుగులు, విడిగా వెతికి పూడ్చాల్సిందే.

అసలు చిక్కు అంచులది. అంచు నేత అన్ని చోట్లా ఒక్కటే కదా, ఒక అంచు ముక్క చేతికొస్తే ఏ మూలదని చెప్పాలి? హీమోఫిలస్‌లో అట్లాంటి అంచు, ప్రొటీన్లు తయారుచేసే రైబోసోమ్‌కు కావాల్సిన ఆర్‌ఎన్‌ఏ జన్యువుల గుంపు, ఆరు చోట్ల దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. అందుకని ముక్కను రెండు కొసల నుంచీ చదువుతారు. కొసల మధ్య దూరం సుమారు 2,000 అక్షరాలని ముందే తెలుసు. అంచు అంతకన్నా పొడవైతే 15 నుంచి 20 వేల అక్షరాల పెద్ద ముక్కల కొసలు చదివి, అంచుకు ఈ పక్క ఏముందో ఆ పక్క ఏముందో ముడివేస్తారు.

సముద్రంలో ఈ కుప్ప వందల డిజైన్ల కలగాపులగం. ఒక్క మిల్లీలీటరులో 5 నుంచి 10 లక్షల బాక్టీరియా ఉంటాయి, వాటిలో చాలా భాగం ల్యాబ్ ప్లేటు మీద పెరగవు. అందుకే పెంచకుండానే, దాదాపు 200 లీటర్లు వడపోసి, ఫిల్టరు మీద మిగిలినదాని డీఎన్‌ఏ మొత్తాన్ని కలిపి చదివారు. ఎక్కువగా ఉన్న జీవి ముక్కలు అతుక్కుంటాయి. అరుదైనది ఒంటరి పీలికగా మిగులుతుంది. ఇక్కడ ముక్కలు అతికే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా పొరబడుతుంది. ఒకే గళ్లు లెక్కకు మించి కనబడితే అది అంచేనని పక్కన పెట్టడం దానికి నేర్పిన పని. సముద్రంలో మాత్రం అది సమృద్ధిగా ఉన్న జీవి కావచ్చు.

2004లో ప్రచురించిన ఫలితం: 12 లక్షలకు పైగా కొత్త జన్యువులు, కనీసం 1,800 జాతులని అంచనా. వాటిలో 782 రొడాప్సిన్ తరహా జన్యువులు, అంటే వెలుతురును పట్టుకునే ప్రొటీన్లవి. వెంటర్ వైద్య పరిశోధనలో కుస్తీ పట్టిన అడ్రినలిన్ రిసెప్టర్ గుర్తుందా? ఆ ప్రొటీన్ కణపొరను ఏడుసార్లు దాటుతుంది, పడుగులోంచి పేక పోయి వచ్చినట్టు. సముద్రపు రొడాప్సిన్ కూడా ఏడుసార్లే దాటుతుంది. అక్షరాల్లో మాత్రం రెండింటికీ దాదాపు పోలికే లేదు. ఒకటి గుండె వేగం పెంచుతుంది, రెండోది ఎండను పట్టి ప్రోటాన్లను కణం బయటికి తోస్తుంది.

ఇదంతా నేర్చుకోవడానికి సముద్రమే కావాలని లేదు, పాకాల చెరువు చాలు. నీళ్లను ఐస్ పెట్టెలో తెచ్చి అదే రోజు వడపోయండి. నీళ్లనే ఫ్రీజర్‌లో పెడితే కణాలు పగిలి డీఎన్‌ఏ ఫిల్టరులోంచి జారిపోతుంది. గడ్డకట్టించాల్సింది ఫిల్టరును, మైనస్ 20 లేదా మైనస్ 80 డిగ్రీల దగ్గర. బురద నీళ్లు నేరుగా 0.22 మైక్రాన్ ఫిల్టరు మీద పోస్తే కొద్దిసేపటికే మూసుకుపోతుంది. ముందు 3 మైక్రాన్లది వాడండి. ఆకు కుళ్లిన నీళ్లలో హ్యూమిక్ ఆమ్లాలుంటాయి, డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్‌కు అవి అడ్డం. డీఎన్‌ఏ టీ రంగులో వచ్చి పీసీఆర్ పని చేయకపోతే, పది రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి.

కలుషితం సంగతి మరువద్దు. సర్గాసో మొదటి నమూనాలో షెవనెల్లా, బర్ఖోల్డేరియా అనే బాక్టీరియా విపరీతంగా కనిపించాయి. పోషకాలు అంత తక్కువున్న నీళ్లలో అవి అంతగా ఉండటం ఏమిటని, బయటినుంచి కలిశాయేమోనని శాస్త్రవేత్తలు వాదులాడుకున్నారు. అందుకే ప్రతిసారీ ఒక సీసాలో శుద్ధి చేసిన నీళ్లు పోసి, అవే చేతులతో వడపోసి, అదే కిట్‌తో డీఎన్‌ఏ తీయండి. ఆ ఫిల్టరు మీద బాక్టీరియా డీఎన్‌ఏ ఏది తేలితే అది చెరువుది కాదు, సీసాదో కిట్‌దో చేతులదో.